చక్రాల మీది ఇంటికి వడ్రంగి కంటే ముందు ధర్మకాంటా

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

బండినే ఇల్లుగా చేసుకుని ఏడాది పొడుగునా రోడ్డు మీద గడపాలనుకునేవారి నుంచి ఈ మధ్య వచ్చిన ఉత్తరాలలో నాలుగింటిని ఈ సంచికకు ఎంచుకున్నాము. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: బ్యాంకులో పనిచేసి పోయిన ఏడాది పదవీ విరమణ చేశాను. నేనూ నా భార్యా ఏడాదిలో కనీసం పది నెలలు ప్రయాణంలోనే ఉండాలని నిశ్చయించుకున్నాము. పాత టెంపో ట్రావెలర్ ఒకటి బేరానికి వచ్చింది. సీట్లు తీయించి, తెలిసిన వడ్రంగి చేత మంచం, వంటగట్టు, అల్మారాలు చేయించుకుంటే సరిపోతుందా? పని ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, ఏ.ఎస్. రావు నగర్

సమాధానం: వడ్రంగిని పిలవడం మూడో పని. మొదట ఆర్టీఏ కార్యాలయానికి, ఆ తరువాత లారీలను తూచే ధర్మకాంటాకు వెళ్లి రండి.

చట్టం సంగతి ముందు చూద్దాం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించినదానికి భిన్నంగా రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు మారిపోయేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షనుకు ఇదే అర్థం చెప్పింది. సీట్లు పీకి మంచం బిగించడం ఇంట్లో గది సర్దుకోవడం వంటిది కాదన్నమాట. ఇలా ఇల్లుగా మలిచిన వాహనాల (క్యాంపర్ వ్యాన్ల) కోసం ఏఐఎస్-124 అనే ప్రమాణం విడిగా ఉంది. పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ వంటి పరీక్షా సంస్థలు ఆ ప్రమాణం ప్రకారం నమూనాను పరీక్షించి ఆమోదిస్తాయి. అటువంటి ఆమోదం ఉన్న తయారీదారు దగ్గర చేయించుకోవడమో, క్యాంపర్ వ్యానుగానే రిజిస్టరైన బండిని కొనుక్కోవడమో నిశ్చింతైన మార్గం. తెలిసిన వడ్రంగి చేతనే చేయించాలని మీకు పట్టుదలగా ఉంటే, బయానా ఇవ్వకముందే ఆర్టీఏను లిఖితపూర్వకంగా అడిగి, జవాబు కూడా కాగితం మీదే తీసుకోండి. "ఏం కాదు సార్, అందరూ చేయించుకుంటున్నారు" అన్న షెడ్డువాడి భరోసా, ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ ముందు అక్కరకు రాదు.

మీరు చూసిన బండి బహుశా ఎల్లో ప్లేటుతో, అంటే అద్దె బండిగా, తిరిగినది అయి ఉంటుంది. దాని పర్మిటు, పన్ను బకాయిలు, ఫిట్‌నెస్, చలానాలు అన్నీ తేలిన తరువాతే డబ్బు చెల్లించండి. సొంత వాడకానికి ఉద్దేశించిన క్యాంపర్ వ్యాను రవాణాయేతర వాహనాల కిందికి వస్తుంది కనుక దానికి పర్మిటు అక్కరలేదు. మొత్తం బరువు పరిమితి 7,500 కిలోలు దాటని బండికి మీ కారు లైసెన్సే సరిపోతుంది.

ఇక ధర్మకాంటా. ప్రతి బండికీ సామానుతో, మనుషులతో కలిపి ఇంతకు మించి బరువు ఉండకూడదని తయారీదారు విధించిన పరిమితి ఒకటి ఉంటుంది. సీట్లు తీసేసి, డీజిలు ట్యాంకు నింపి, మీరిద్దరూ ఎక్కి ఖాళీ బండిని తూయించండి. ముందు చక్రాలు మాత్రమే కాంటా మీద ఉండగా ఒకసారి, వెనుక చక్రాలు మాత్రమే ఉండగా ఒకసారి, మొత్తం బండితో ఒకసారి తూయించి మూడు చీటీలు తీసుకోండి. పరిమితిలో నుంచి ఈ బరువు తీసివేయగా మిగిలినదే మీ ఇంటికి దొరికే జాగా. అడుగుల లెక్క దాని తరువాతే చూడాలి.

ఆ మిగులు 900 కిలోలు వచ్చిందనుకుందాం. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు ఉన్న 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు ఒక్కటీ ముప్పై కిలోలకు పైగా తూగుతుంది. మన వడ్రంగులకు ఇంటి పని అలవాటు కనుక అల్మారా అనగానే చేయి ఆ షీటు మీదికే పోతుంది. పన్నెండు షీట్లు వాడితే సుమారు 400 కిలోలు చెక్కకే సరి. అదే 9 మిల్లీమీటర్ల షీట్లతో, అల్యూమినియం చట్రం మీద చేయిస్తే ఆ బరువు దాదాపు సగానికి దిగుతుంది. వంటగట్టుకు నల్ల గ్రానైటు కావాలని మీ ఇంట్లో అడిగితే, నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు పలక సుమారు 35 కిలోలు ఉంటుందనీ, గతుకుల రోడ్డు మీద అది పగిలే అవకాశం కూడా ఉందనీ నిదానంగా చెప్పి చూడండి.

ఇదంతా నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం. నా మొదటి బండికి నగర శివారులోని ఒక షెడ్డులో పని చేయించాను. పనితనం కంటికి ఇంపుగానే ఉంది. కానీ నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు, గట్టు, ఫ్రిజ్ అన్నీ ఎడమవైపే కుదిరాయి. చదునైన పెట్రోలు బంకు ఆవరణలో ఆపినా, గట్టు మీద పెట్టిన టమాటా దొర్లుకుంటూ ఎడమ గోడకు కొట్టుకునేది. కాంటా ఎక్కిస్తే మొత్తం బరువు పరిమితిలోనే ఉంది, వెనుక ఇరుసు మీద మాత్రం ఉండవలసినదానికంటే ఎక్కువ పడింది. అల్మారాలు సగం విప్పించి, ట్యాంకును రెండు ఇరుసుల మధ్యకు, కింది భాగానికి మార్చిన తరువాతే బండి నిటారుగా నిలబడింది. విప్పిన ఖర్చు, బిగించిన ఖర్చు కంటే ఎక్కువైంది.

పాత బండి టైర్లకు మెరుపు ఉంటే మోసపోకండి. టైరు పక్కగోడ మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. గాడులు లోతుగా కనిపించినా, రబ్బరు ముదిరిన టైరు మీద నిండు బరువుతో మే నెల ఎండలో ప్రయాణం చేయవద్దు.

ప్రశ్న: మేమిద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. కార్యాలయానికి వెళ్లనవసరం లేదు కనుక బండిలో ఉండే పని చేసుకోవాలని ఉంది. సోలార్ పలకలు ఎన్ని, బ్యాటరీ ఎంత పెట్టించాలి? ఇంట్లో ఇన్వర్టరుకు వాడుతున్న 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ట్యూబులర్ బ్యాటరీలు రెండు ఉన్నాయి, అవి పనికొస్తాయా? ఏసీ లేకుండా మాత్రం ఉండలేము.
– ఒక దంపతులు, మియాపూర్

సమాధానం: ఎన్ని పలకలు అన్న ప్రశ్నకు ముందు రోజుకు ఎన్ని యూనిట్లు అన్న ప్రశ్న వేసుకోవాలి. కరెంటు బిల్లులో చూసే యూనిట్టే ఇదీ, వెయ్యి వాట్ల పరికరం గంటసేపు నడిస్తే ఒక యూనిట్టు. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ చిన్నది మన వేడికి రోజుకు సుమారు 0.6 యూనిట్లు తీసుకుంటుంది. తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు పది గంటలు తిరిగితే ఇంకొక 0.6. ఎనిమిది గంటలు పనిచేసే రెండు ల్యాప్‌టాప్‌లకు 0.8 వేసుకోండి. ఫోన్లు, వైఫై రౌటరు, దీపాలు, నీళ్ల పంపు, చట్నీకి ఆరు నిమిషాలు తిప్పే మిక్సీ అన్నీ కలిపి 0.3. వెరసి 2.3 యూనిట్లు. ఇందులో మూడో వంతు మీ ఉద్యోగానిదే. విశ్రాంత దంపతులకు సరిపోయే ఏర్పాటు మీకు చాలదని చెప్పడానికే ఇంత వివరంగా రాశాను.

12.8 వోల్టుల 200 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో సుమారు 2.56 యూనిట్లు పడతాయి. అందులో ఎనభై శాతమే వాడుకోవడం మంచి అలవాటు కనుక చేతికందేది రెండు యూనిట్లు. మీకు ఒక రోజుకు కూడా అది చాలదు. 400 ఏహెచ్ పెట్టించండి, మబ్బు పట్టిన రోజున పని ఆగదు. పైకప్పు మీద 600 వాట్ల పలకలు వేస్తే, మంచి ఎండలో నాలుగు గంటల పూర్తి ఉత్పత్తి లెక్కన 2.4 యూనిట్లు వస్తాయి. ఆషాఢ శ్రావణాల్లో ఈ లెక్క తలకిందులవుతుంది. అందుకే బండి నడిచేటప్పుడు ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు నుంచి కూడా బ్యాటరీ నిండేలా డీసీ-డీసీ చార్జరు పెట్టించాలి. 30 ఆంపియర్ల చార్జరు ఉంటే రెండు గంటల ప్రయాణంలో సుమారు 0.8 యూనిట్లు జమ అవుతాయి. ఈ చార్జరు లేకుండా ఆల్టర్నేటరును నేరుగా లిథియం బ్యాటరీకి కలిపితే, అది ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగి ఆల్టర్నేటరును వేడెక్కించి పాడుచేస్తుంది.

ట్యూబులర్ బ్యాటరీలు ఇంట్లోనే ఉండనివ్వండి. అవి ఒక్కొక్కటి యాభై కిలోలకు పైబడి ఉంటాయి, సగానికి మించి వాడితే త్వరగా దెబ్బతింటాయి, చార్జింగులో హైడ్రోజన్ వాయువు వదులుతాయి. మనుషులు పడుకునే మూసిన గదిలో అది ప్రమాదం.

ఏసీ విషయంలో మీకు నచ్చని మాటే చెప్పాలి. ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ సగటున 800 వాట్లు తీసుకుంటుందనుకున్నా, రాత్రి ఎనిమిది గంటలకు 6.4 యూనిట్లు అవుతాయి. నేను చెప్పిన పెద్ద బ్యాటరీ మొత్తం వాడినా తెల్లవారేదాకా రాదు, ఆ ఒక్క రాత్రి ఖర్చును పలకలు పూడ్చడానికి దాదాపు మూడు ఎండ రోజులు కావాలి. కాబట్టి ఏసీ బిగించుకున్నా, బయటి కరెంటు దొరికిన చోట మాత్రమే వేసుకునే వస్తువుగా దాన్ని చూడండి. వేడిని లోపలికి రానివ్వకపోవడం మీద పెట్టిన ఖర్చు ఇంతకంటే ఎక్కువ ఫలితమిస్తుంది. మే నెలలో మన నగరంలో ఎండ నలభై డిగ్రీలు దాటినప్పుడు, నిలిపి ఉంచిన బండి పైకప్పు రేకు మీద చేయి పెట్టలేము. ఆ రేకుకు లోపలివైపు గట్టి థర్మోకోల్ వంటి ఎక్స్‌పీఎస్ పలకలు గానీ, మందమైన నైట్రైల్ రబ్బరు షీటు గానీ ఖాళీ లేకుండా అంటించాలి. గ్లాస్ ఊల్ వద్దు, చెమ్మ పట్టి కిందికి జారుతుంది. సోలార్ పలకలకూ కప్పుకూ మధ్య గాలి ఆడేంత ఎడం వదిలితే పలకలే కప్పుకు గొడుగు పడతాయి. కప్పు మీద వేడి గాలిని బయటికి తోసే ఫ్యాను ఒకటి, అద్దాలకు బయటివైపు వేసే వెండిరంగు తెరలు ఉంటే సాయంత్రానికి మనిషి కూర్చోగలడు. అయినా చక్రాలున్న ఇంట్లో ఉంటూ ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాదులోనే ఉండవలసిన అగత్యం ఏముంది? ఆ రెండు నెలలూ అరకు వైపో హార్స్‌లీ హిల్స్ వైపో బండి తిప్పండి. సంచార జీవితంలో నాకు అన్నిటికంటే చవకగా దొరికిన చల్లదనం అదే.

లద్దాఖ్ మీ జాబితాలో ఉంటే ఒక జాగ్రత్త. సున్నా డిగ్రీల కంటే చలి ఉన్నప్పుడు ఈ లిథియం బ్యాటరీని చార్జ్ చేయకూడదు, శాశ్వతంగా దెబ్బతింటుంది. చలిలో చార్జింగును తనంతట తానే నిలిపివేసే బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) ఉందో లేదో కొనేటప్పుడే అడగండి.

వైరింగులో జరిగే పొరపాటు ఒకటుంది. ట్రూప్ బజారులో ఇంటికి కొనే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరునే బ్యాటరీ నుంచి ఇన్వర్టరుకు కూడా లాగినవారిని చూశాను. 2,000 వాట్ల ఇన్వర్టరు 12 వోల్టుల బ్యాటరీ నుంచి 170 ఆంపియర్లకు పైగా లాగుతుంది. దానికి 70 చదరపు మిల్లీమీటర్ల, సన్నని పోగులు అనేకం ఉన్న రాగి కేబులు కావాలి. దాని పొడవు వీలైనంత తక్కువగా ఉండాలి, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు లేని బ్యాటరీ కేబులు బండి రేకుకు రాసుకుని తెగితే, ఆర్పడానికి మీకు సమయం దొరకదు. ఎవరి ఇంటి ముందైనా ఆపి 16 ఆంపియర్ల సాకెట్టు నుంచి కరెంటు తీసుకునే ఏర్పాటుంటే, బండిలో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే స్విచ్చు) తప్పనిసరి. పల్లెల్లో చాలా ఇళ్లకు ఎర్తింగు పేరుకే ఉంటుంది.

ప్రశ్న: మా బండిలో మేమిద్దరం, మా అత్తయ్యగారు ఉంటాము. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. నీళ్లు, మరుగుదొడ్డి, గ్యాసు గురించి ఎవరిని అడిగినా "అన్నీ సర్దుకుంటాయి" అంటున్నారు గానీ ఎలాగో చెప్పడం లేదు.
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

సమాధానం: అలా అన్నవారు బహుశా గిన్నెలు తోమరు. బండి కొనకముందే ఇంట్లో ఒక పరీక్ష పెట్టుకోండి. మూడు రోజులు కుళాయిలన్నీ కట్టేసి, తాగునీళ్లకు వాడే 20 లీటర్ల డబ్బాలు నింపుకుని స్నానానికీ వంటకూ గిన్నెలకూ వాటిలోవే వాడండి. రోజుకు ఎన్ని డబ్బాలు ఖాళీ అయ్యాయో గోడ మీది క్యాలెండరులో రాయండి. మేమిద్దరం చేసినప్పుడు మొదటి రోజు మూడున్నర డబ్బాలు అయిపోయాయి. మూడో రోజుకు రెండు డబ్బాల లోపు సరిపెట్టుకోగలిగాము. తేడా అంతా గిన్నెల దగ్గరే వచ్చింది. ఎంగిలి కంచాలను ముందు పాత కాగితంతో తుడిచి, ఆ తరువాత స్ప్రే సీసాతో కడగడం మా ఆవిడ కనిపెట్టిన ఉపాయం.

మనిషికి రోజుకు 15 లీటర్ల చొప్పున ముగ్గురికి మూడు రోజులంటే 135 లీటర్లు, కనుక 150 లీటర్ల ట్యాంకు చాలు. లీటరు నీళ్లు కిలో బరువు. పెద్ద ట్యాంకు పెట్టి సగం నింపుకుందామనుకుంటే, లోపల అడ్డు పలకలు లేని ట్యాంకులో నీళ్లు మలుపు మలుపుకూ ఎగసి బండిని ఊపేస్తాయి. వాడిన నీళ్లకు కింద 100 లీటర్ల ట్యాంకు వేరే ఉండాలి, రోడ్డు మీదికి వదలకూడదు. తాగునీళ్లు విడిగా డబ్బాలో ఉంచండి. బోరు నీళ్లు నింపుకునే చోట్ల పంపుకు ముందు జాలీ వడపోత లేకపోతే ఇసుక రేణువులతో పంపు చెడిపోతుంది.

మరుగుదొడ్డి రెండు రకాలు. కింద సుమారు 20 లీటర్ల పెట్టె ఉండే క్యాసెట్ టాయిలెట్ ముగ్గురికి రెండు మూడు రోజుల్లో నిండిపోతుంది. దాన్ని ఖాళీ చేసే ప్రత్యేక ఏర్పాట్లు మన దారుల్లో దొరకవు, లాడ్జిలోనో బంధువుల ఇంట్లోనో అసలు మరుగుదొడ్డిలో పోసి కడుక్కోవలసిందే. మూత్రాన్ని వేరే డబ్బాలోకి పంపి, మలం మీద కొబ్బరి పొట్టు చల్లే పొడి టాయిలెట్ రెండోది. నా ఓటు దీనికే. వినడానికి ఎబ్బెట్టుగా ఉన్నా, రెండూ కలవకపోతే వాసన రాదు. కొబ్బరి పొట్టు ఇటుకలు ఏ నర్సరీలోనైనా దొరుకుతాయి.

అత్తయ్యగారి కోసం మూడు పనులు చేయించండి. టాయిలెట్ పీట ఎత్తు 17 అంగుళాలకు తగ్గకూడదు, పక్కన గోడకు, అంటే రేకు వెనుక ఉన్న ఇనుప చట్రానికి, పట్టుకునే స్టీలు కడ్డీ బిగించాలి. బండి మెట్టు ఎత్తుగా ఉంటుంది కనుక కింద మడత మెట్టు ఒకటి, తలుపు పక్కన చేతికందే కడ్డీ ఒకటి కావాలి. అన్నిటికంటే ముఖ్యం, బండి కదులుతున్నంతసేపూ ఆవిడ కంపెనీ బిగించిన సీటులో బెల్టుతో కూర్చోవాలి. మంచం మీద పడుకుని ప్రయాణం చేస్తానంటే ఒప్పుకోకండి.

గ్యాసుకు 5 కిలోల చిన్న సిలిండరు చాలు. ఎల్పీజీ గాలికంటే బరువైనది కనుక కారినప్పుడు పైకి పోదు, నేల మీద నీళ్లలా పరుచుకుని మంచం కింద చేరుతుంది. కిటికీ తెరిచి ఉందన్న ధైర్యం అందుకే చాలదు. సిలిండరును లోపలి గదితో సంబంధం లేని ఇనుప పెట్టెలో ఉంచి, ఆ పెట్టె అడుగున బండి బయటికి రంధ్రం పెట్టించాలి. పొయ్యి ఉన్న చోట నేల మట్టంలో మరొక గాలి మార్గం ఉండాలి. బండి కదిలే ముందు రెగ్యులేటరు కట్టేయడం తాళం వేసినంత అలవాటు కావాలి. నెలకొకసారి అతుకుల మీద సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. చలికి పొయ్యి వెలిగించి తలుపులు మూసుకుని పడుకోవడం మాత్రం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు కనుక దాన్ని పసిగట్టి మోగే అలారం మంచం దగ్గర ఉండాలి. వెనుక తలుపు లోపలి నుంచి తెరుచుకోవాలి, దానికి అడ్డంగా మంచం వేయించకండి.

ప్రశ్న: ఇల్లు అమ్మేసి బండిలోనే ఉండిపోదామనుకుంటున్నాము. అప్పుడు చిరునామా ఏమవుతుంది? పెన్షను, బండి రిజిస్ట్రేషను సంగతులు ఎలా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఉప్పల్

సమాధానం: మొదటి ఏడాది ఇల్లు అమ్మకండి, అద్దెకివ్వండి. ఆధార్, బ్యాంకు, బీమా, ఓటు అన్నీ చిరునామాను పట్టుకునే ఉంటాయి. అమ్మక తప్పదంటే కొడుకు ఇంటి చిరునామాకో చెల్లెలి ఇంటి చిరునామాకో అన్నిటినీ ఒకేసారి మార్చండి. పెన్షనుకు ఏటా ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రాన్ని (లైఫ్ సర్టిఫికెట్‌ను) ఫోనులో ముఖ గుర్తింపు ద్వారా ఎక్కడి నుంచైనా ఇవ్వవచ్చు. బండి వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంటే అక్కడ రిజిస్ట్రేషను మార్చుకోవాలని మోటారు వాహనాల చట్టంలోని 47వ సెక్షను చెబుతోంది. తిరుగుతూ ఉండేవారికి ఆ ఇబ్బంది రాదు గానీ, రాష్ట్రాల సరిహద్దులు దాటిన తేదీలకు టోలు రసీదులు దాచుకోండి. రాష్ట్రం మారినా రిజిస్ట్రేషను మార్చుకోనక్కరలేని బీహెచ్ సిరీస్ నంబరు కొన్ని తరగతుల ఉద్యోగుల కోసం పెట్టినది, పదవీ విరమణ చేసిన మీకు వర్తించదు.

ఉత్తరం చివర మొదటి ప్రయాణానికి కాశ్మీరు అని రాశారు. ముందు 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డును ఒక చుట్టు తిరిగి, ఏమేమి ఊగుతున్నాయో, ఏవి మోగుతున్నాయో వినండి. తరువాత వికారాబాదు దగ్గరి అనంతగిరిలో రెండు రాత్రులు, ఆ పైన శ్రీశైలం. ఘాటు మలుపుల్లో బ్రేకులు, ట్యాంకు, అల్మారా గడియలు అన్నీ బయటపడతాయి. మా పప్పుల డబ్బా మూత ఊడి కందిపప్పు బండంతా చిమ్మింది అక్కడే, ఇప్పటికీ ఏ మూలో ఒక గింజ కాలికి తగులుతుంది. నల్లమల దారిలో మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసి ఉంటుంది. సాయంత్రం ఆలస్యమయ్యేలా ఉంటే గేటుకు ఇవతలే ఆగి వంట చేసుకోండి, అడవిలో మాత్రం పొయ్యి వెలిగించవద్దు.